‘మిగతాది నవలలో చదువుకోవచ్చు కదా?’

ఇనోవే తకెహికో గీసిన ‘వాగబాండ్’ అనే మాంగా (జపాన్ బొమ్మల కథ) చదివేవాళ్లందరూ ఏదో ఒక రాత్రి 37వ సంపుటం చివరి పేజీకి వస్తారు. కత్తివీరుడు ముసాషి కథ కొకురా పట్నం వైపు తిరుగుతుంది. అతను ఎవరితో తలపడాలో ఆ మనిషి, కొజిరో, అప్పటికే ఆ సీమలో ఉన్నాడు. ఇద్దరికీ మధ్య ఇక పెద్దగా దూరం లేదు. పేజీ తిప్పితే అట్ట వస్తుంది. 38వ సంపుటం లేదు.

1998 సెప్టెంబరులో కొదాన్షా వారి ‘మార్నింగ్’ వారపత్రికలో మొదలైన ఈ కథ 327 అధ్యాయాలు నడిచి 2015లో ఆగిపోయింది. పుస్తకంగా వచ్చిన చివరి సంపుటం 2014 నాటిది. వారపత్రికలో సీరియల్ కింద ‘సశేషం’ అన్న మాట చూసి వచ్చే వారం దాకా గోళ్లు కొరుక్కున్న ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. ఆ లెక్కన చూసినా ఇది మరీ పెద్ద సశేషం.

ఇక్కడే ఎవరో ఒక మిత్రుడు సలహా ఇస్తాడు. ‘దానికేముంది, అది యోషికావా ఎయిజి రాసిన నవల ఆధారంగా వేసిందే కదా. ఆ నవల ఎప్పుడో 1939లోనే పూర్తయింది. మిగతాది అందులో చదువుకో.’ వినడానికి సబబుగానే ఉంటుంది. మాంగాలోనే రాసి ఉంటుంది, మూలం యోషికావా ‘మియమోతో ముసాషి’ అని. నేనూ ఆ మాట నమ్మి, 1981లో చార్ల్స్ టెరీ చేసిన ఇంగ్లీషు అనువాదం తెరిచాను. కుదించిన అనువాదమే అయినా ఇటుకంత బరువుంటుంది. తీరా చివరి భాగానికి వెళితే, ఎవరింటికో పోయి మన చెప్పులు వెతుక్కున్నట్టు అయింది. పేర్లు అవే, ఊళ్లు అవే, మనుషులు మాత్రం వేరు.

ఈ చిక్కు విప్పాలంటే ముందు ఒకటి తేల్చుకోవాలి. మనం ఏ ముసాషి గురించి మాట్లాడుకుంటున్నాం? ఒకడు కాదు, ముగ్గురున్నారు.

మొదటివాడు బతికిన మనిషి. సుమారు 1584లో పుట్టి 1645లో పోయాడు. పుట్టిన ఊరి మీద ఇప్పటికీ తగాదా ఉంది. తాను హరిమా సీమవాణ్నని ఆయనే రాసుకున్నా, పక్కనున్న మిమసాకా వాళ్లు ఒప్పుకోరు. చివరి రోజుల్లో కుమామోతో దగ్గర రెయిగన్‌దో అనే గుహలో కూర్చుని ‘గోరిన్ నో షో’ అనే కత్తివిద్య పుస్తకం రాశాడు. భూమి, నీరు, నిప్పు, గాలి, శూన్యం అని అయిదు భాగాలు. మన పంచభూతాల లెక్కే, బౌద్ధంతో పాటు అక్కడికి చేరింది. పదమూడో ఏట మొదటి పోరు గెలిచానని, ఇరవై తొమ్మిదో ఏడు దాటేలోపు అరవైకి పైగా పోరాడి ఒక్కటీ ఓడలేదని అందులో చెప్పుకున్నాడు. రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టే పద్ధతి ఆయనది. సిరా, కుంచెతో బొమ్మలు కూడా వేసేవాడు. ఎండుకొమ్మ చివర కూర్చున్న కసాయి పిట్టను ఆయన వేసిన చిత్రం ఇప్పటికీ ఉంది. కింద ఒకే ఒక్క గీతగా పైకి లేచిన కొమ్మ, కొసన పిట్ట, అంతే.

విచిత్రం ఏమిటంటే, లోకమంతా ముసాషి పేరు చెప్పగానే తలుచుకునే పోరు, గన్ర్యూ ద్వీపంలో కొజిరోతో జరిగిన పోరు గురించి ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. కొజిరో పేరు కూడా లేదు.

ఆ పోరు గురించి మనకు దొరికే తొలి సాక్ష్యం ఒక రాయి. ముసాషి పోయిన తొమ్మిదేళ్లకు, 1654లో, పెంపుడు కొడుకు ఇయోరి కొకురాలో నిలబెట్టించిన శాసనం అది. వీరులిద్దరూ ఒకే సమయానికి వచ్చారని, అవతలివాడు మూడడుగుల కత్తి పట్టాడని, ముసాషి కొయ్యకత్తి ఒక్క దెబ్బతో అతన్ని చంపాడని దాని మీద ఉంది. అవతలివాడి పేరు ‘గన్ర్యూ’ అని మాత్రమే. ససాకి అనే ఇంటిపేరు తర్వాతి కాలపు నాటకాలు తగిలించింది.

1672 నాటి నుమాతా వంశపు దస్తావేజు ఇంకో కథ చెబుతుంది. ఇద్దరూ ఒంటరిగా రావాలని ఒప్పందం. కొజిరో మాట నిలబెట్టుకున్నాడు. ముసాషి శిష్యులు మాత్రం చాటుగా వచ్చి దాక్కున్నారు. దెబ్బతిని పడిన కొజిరో మళ్లీ ఊపిరి తీసుకునేసరికి వాళ్లంతా మీదపడి చంపేశారు. ఇది నిజమో కాదో ఎవరూ తేల్చలేరు గానీ, దీన్ని సినిమా తీసే ధైర్యం జపాన్‌లో ఎవరికైనా ఉందా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మరి ముసాషి కావాలని ఆలస్యంగా రావడం, పడవ తెడ్డును చెక్కి కత్తి చేసుకోవడం, ఇసుకలో ఎండకు మండిపోతున్న కొజిరో కోపంతో ఒరను విసిరేయడం, ‘కొజిరో, ఓడిపోయావు, గెలిచేవాడైతే ఒర ఎందుకు పారేస్తాడు’ అని ముసాషి అనడం, ఇవన్నీ ఎక్కడివి? 1776లో పూర్తయిన ‘నితెన్‌కి’ అనే పుస్తకంలోవి. పోరు జరిగిందని చెప్పే 1612కీ దీనికీ నూట అరవై ఏళ్లకు పైగా ఎడం. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

రెండో ముసాషి ఒక వాదంలోంచి పుట్టాడు.

1932 ప్రాంతంలో టోక్యో సాహిత్యలోకంలో ఇద్దరు పెద్దలు ముసాషి మీద గొడవపడ్డారు. నిజంగా అంత మేటి కత్తివీరుడేమీ కాదని నవలాకారుడు నావోకి సంజూగో. మేటే అని రచయిత, పత్రికాధిపతి కికుచి కాన్. చారిత్రక నవలలు రాస్తున్న యోషికావాను మధ్యలోకి లాగి, నీ మాటేమిటో తేల్చమని నావోకి నిలదీశాడు. యోషికావా నోరు మెదపలేదు. నావోకి 1934లో పోయాడు. ఆ మరుసటి ఏడు ఆయన పేరు మీద కికుచి ఒక సాహిత్య పురస్కారం పెట్టాడు, ఈ రోజుకీ జపాన్‌లో జనరంజక నవలకు పెద్దపీట అదే. అదే 1935లో, ఆగస్టు 23న, అసాహి దినపత్రికలో యోషికావా జవాబు మొదలైంది. మధ్యలో కొంత విరామంతో 1939 జులై 11 దాకా సాగింది. వెయ్యి భాగాలు దాటింది. వాదానికి వాదంతో కాకుండా వెయ్యి రోజుల కథతో బదులిచ్చిన మనిషి ఇంకొకరు నాకు తెలియదు.

యోషికావా 1892లో యొకొహామా దగ్గర పుట్టాడు. తండ్రి వ్యాపారం కుప్పకూలి ప్రాథమిక పాఠశాల దాటకుండానే చదువు ఆగిపోయింది. దొరికిన పనల్లా చేశాడు. పద్దెనిమిదో ఏట ఓడల మరమ్మతు రేవులో పడి చావు తప్పించుకున్నాడు. ఇంత చదువు లేనివాడు తనను తాను రచయితగా మలుచుకున్నాడు. ఆయన ముసాషి కూడా అలాంటివాడే. ముసాషి బలవంతుడా కాదా అన్నది నావోకి ప్రశ్న. యోషికావా ఆ ప్రశ్ననే మార్చేశాడు. అడవి పంది లాంటి ఒక పల్లెటూరి కుర్రాడు మనిషిగా ఎలా మారాడు, ఆయనకు కావలసింది అది.

ఈ మార్పు ఆయన పేరులోనే చూపించాడు. నవల 1600లో సెకిగహారా యుద్ధం ముగిసిన మైదానంలో, శవాల మధ్య మొదలవుతుంది. ఓడిన పక్షాన మిగిలిన ఇద్దరు కుర్రాళ్లు, తకెజో, మతహాచి. తర్వాత తాకువాన్ అనే జెన్ సన్యాసి తకెజోను పట్టుకుని గుడి దగ్గరి పెద్ద దేవదారు చెట్టుకు కట్టి వేలాడదీస్తాడు. ఆ తర్వాత హిమేజీ కోటలో ఒక చీకటి గదిలో మూడేళ్లు పుస్తకాలతో పాటు బంధిస్తారు. బయటికి వచ్చేటప్పుడు అతను ముసాషి. జపాన్ లిపిలో రెండక్షరాల జంట ఒకటుంది, దాన్ని ‘తకెజో’ అనీ చదవవచ్చు, ‘ముసాషి’ అనీ చదవవచ్చు. రాతలో ఒక్క గీత మారలేదు, చదివే తీరు మారింది. తెలుగులో ఇది చెయ్యలేం. మన లిపిలో రాసిందే చదువుతాం.

తాకువాన్ చరిత్రలో నిజంగా ఉన్న మనిషే, ముసాషి పోయిన 1645లోనే ఆయనా పోయాడు. ఇద్దరూ కలిసినట్టు ఆధారం మాత్రం ఏమీ లేదు. ముసాషి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే ఓత్సూ, కొడుకు పెళ్లి చెడగొట్టాడని దేశమంతా వెంటాడే ముసలి ఓసుగి, అడుగడుగునా జారిపడే మతహాచి, వీళ్లంతా యోషికావా కల్పనే. జపాన్‌లో చాలామంది వీళ్లను చరిత్ర అనే అనుకుంటారు. దాచిపెట్టాడని ఆయన్ని అనడానికి కూడా వీల్లేదు. ముసాషి గురించి నిక్కచ్చిగా తెలిసింది ఎంత కొంచెమో చెబుతూ వేరే ఒక వ్యాస సంపుటి రాశాడాయన. నవల చదివినవాళ్లలో ఎందరు దాన్ని తెరిచారన్నది వేరే సంగతి.

దినపత్రిక సీరియల్‌కి ఒక లక్షణముంది. ఉదయం కాఫీతో పాటు చదివే నాలుగు ముక్కల్లో ఏదో ఒకటి జరగాలి, రేపటికి ఒక కొక్కెం మిగలాలి. అందుకే ఈ నవలలో మనుషులు వంతెనల మీద, ఓడల్లో, సత్రాల్లో నమ్మలేనంతగా ఎదురుపడుతూ ఉంటారు. ఒకే పుస్తకంగా చదివితే విసుగొస్తుంది, ఒప్పుకుంటాను. ఓత్సూ ఒక క్షణం తేడాలో ముసాషిని తప్పిపోవడం నాలుగోసారి జరిగేసరికి పుస్తకం మూసేశాను. రోజుకో ముక్కగా చదివినవాళ్లకు అదే ప్రాణం అయి ఉంటుంది. రోజూ పక్కన బొమ్మ కూడా ఉండేది. చాలాకాలం ఇషీ త్సురుజో ఆ బొమ్మలు వేశాడు. అంటే ఈ ముసాషి పుట్టుకతోనే అక్షరమూ బొమ్మా కలిసినవాడు. తర్వాత రేడియోలో తొకుగావా ముసెయి ఆ నవల చదువుతుంటే, మాటకీ మాటకీ మధ్య ఆయన ఇచ్చే విరామం కోసమే జనం చెవులు రిక్కించేవారట.

అవి ఎలాంటి రోజులో మరిచిపోకూడదు. నవల సగంలో ఉండగా, 1937లో చైనాతో యుద్ధం మొదలైంది. యోషికావా పత్రికా ప్రతినిధిగా అక్కడికి వెళ్లొచ్చాడు కూడా. తనను తాను అణచుకుని కత్తినే దారిగా చేసుకున్న వీరుడి కథ ఆ గాలిలో ఎలా చెవికెక్కి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 1945లో ఓటమి తర్వాత ఆయన దాదాపు రెండేళ్లు కలం పట్టలేదు. నవల మాత్రం యుద్ధాన్ని దాటి బతికింది. ఇనగాకి హిరోషి 1954 నుంచి 1956 దాకా నటుడు మిఫునే తొషిరోతో మూడు సినిమాలు తీశాడు, మొదటిదానికి ఆస్కార్ గౌరవ పురస్కారం వచ్చింది. ఉచిదా తోము 1961 నుంచి 1965 దాకా అయిదు తీశాడు. రెండు వరుసలూ ఆ ద్వీపం మీదే ముగిశాయి.

ఇప్పుడు మూడో ముసాషి.

ఇనోవే తకెహికో 1967లో కగోషిమా ప్రాంతంలో పుట్టాడు. బాస్కెట్‌బాల్ మాంగా ‘స్లామ్ డంక్’తో 1990 నుంచి 1996 దాకా జపాన్ పిల్లలందరికీ తెలిసినవాడయ్యాడు. ఆ ఆటలో గెలుపూ ఓటమీ స్కోరుబోర్డు మీద కనబడతాయి. తర్వాత ఆయన ఎత్తుకున్న ఈ కథలో ఓడినవాడు చచ్చిపోతాడు. మొదటి సంపుటాలు నవల వెంటే నడుస్తాయి, శవాల మైదానం, దేవదారు చెట్టు, తాకువాన్. అయితే కోటలో మూడేళ్ల చదువును ఇనోవే తీసేశాడు. చిన్న కోతలా కనిపిస్తుంది గానీ, కథ గతి అక్కడే మారింది. యోషికావా ముసాషి పుస్తకాలు చదివి మారిన మనిషి. ఇనోవే ముసాషికి ఆ సదుపాయం లేదు. అతను నేర్చుకోవాల్సిందంతా ఒంటి మీద దెబ్బలతోనే నేర్చుకోవాలి.

క్యోటోలోని యోషియోకా కత్తిబడి కథలో ఈ తేడా బాగా తెలుస్తుంది. నవలలో పెద్దవాడు సెయిజూరో చెయ్యి పోగొట్టుకుని బతుకుతాడు, మాంగాలో చనిపోతాడు. తమ్ముడు దెన్‌షిచిరో రెండింటిలోనూ చనిపోతాడు. తర్వాత ఇచిజోజి దగ్గర బడి బడంతా ఒక్కడి మీదికి వస్తుంది. నవలలో వాళ్లు నామమాత్రపు నాయకుడిగా గెంజిరో అనే పసివాణ్ని ముందు నిలబెడతారు. ముసాషి మొదట వాణ్నే నరుకుతాడు. పత్రికా పాఠకుడికి తీపి వడ్డించడానికి రాసే రచయిత ఇంత చేదు పెట్టడం చూసి నేను ఆశ్చర్యపోయాను. ఆ పాపానికి ముసాషి తర్వాత హియే కొండ మీది గుడిలో కరుణకు మూర్తి అయిన కన్నోన్ బోధిసత్వుడి ప్రతిమ చెక్కుతూ కూర్చుంటాడు.

మాంగాలో ఆ పిల్లవాడు లేడు. ఉన్నది డెబ్బై మంది. ఇనోవే ఈ పోరును ఒకటి రెండు సంపుటాల మేర ఇంచుమించు ఎడతెగకుండా గీశాడు. మొదట్లో చదువుతున్నవాడి గుండె వేగంగా కొట్టుకుంటుంది. నలభయ్యోవాడు పడేసరికి ఆ వేగం పోయి ఒక అలసట మిగులుతుంది. అరవయ్యోవాడి దగ్గర అసహ్యం వేస్తుంది, ముసాషి మీదా, ఇంతసేపూ పేజీలు తిప్పిన మన మీదా. చివరకు ముసాషి గెలుస్తాడు, కాలికి తగిలిన గాయంతో మళ్లీ మామూలుగా నడవగలడో లేదో తెలియని స్థితిలో. యోషికావా ఒక్క పసివాడి చావులో పెట్టిన బరువును ఇనోవే డెబ్బై శవాలకు పంచాడు. ఏది ఎక్కువ పనిచేసిందంటే, నా ఓటు మాంగాకే.

అసలు పెద్ద మార్పు కొజిరో.

నవలలో కొజిరో ఓడలో పరిచయం అవుతాడు. ఒసాకాకు వెళ్లే ఓడ, అందులో రంగురంగుల బట్టలు వేసుకున్న అందగాడు, వెంట ఒక కోతి, వీపున అతి పొడవాటి కత్తి. ఆ కత్తి పేరు ‘మొనొహొషిజావో’, అంటే బట్టలారేసుకునే దండెం గడ. ఎగిరే వానకోయిలను నరకగలనంటాడు. ఎదుటివాణ్ని మాటలతో రెచ్చగొట్టి, చివరికి వాడి జుట్టుముడి ఎగరగొడతాడు. వాగుడు అతని ఆయుధాల్లో ఒకటి. తెలివైనవాడు, గర్విష్ఠి, లోకంలో పైకి రావడం తెలిసినవాడు. ముసాషి లోపలికి చూసుకునేకొద్దీ ఇతను బయటికి మెరుస్తాడు. సీరియల్‌కి ఇలాంటి ప్రత్యర్థి కావాలి మరి.

మాంగాలో కొజిరో కూడా నీళ్ల మీదే వస్తాడు, పసిగుడ్డుగా. సముద్రపు ఒడ్డున ఒంటరిగా, బతకడం మీద ఆశ చచ్చి ఉంటున్న ముసలి కత్తిగురువు కనెమాకి జిసాయికి, ఒక పొడవాటి కత్తితో పాటు ఆ బిడ్డ దొరుకుతాడు. పాలు పట్టడం కూడా తెలియని ముసలాయన బిడ్డను పెంచడం మొదలుపెడతాడు. కొన్నాళ్లకు తెలుస్తుంది, ఈ పిల్లవాడికి చెవులు వినపడవు.

14వ సంపుటంలో మొదలై 20వ సంపుటం దాకా కథ ఇతనిదే. ఏడు సంపుటాల పాటు నాయకుడు దాదాపు కనిపించడు. మన సీరియళ్లలో ఇలా చేసి ఉంటే ఉత్తరాలతో సంపాదకుడి బల్ల నిండిపోయేది. ఆ ఏడు సంపుటాల్లోనే ఇనోవే గీత కూడా మారింది, కలం పక్కన పెట్టి కుంచె పట్టాడు. నల్లటి సిరా కాగితం మీద ఎక్కడ పాకుతుందో అక్కడ నీడ, ఎక్కడ ఆగుతుందో అక్కడ వెలుగు.

వినపడని మనిషిని బొమ్మల కథలో చూపడం ఎలా? మాంగాలో చప్పుడు కూడా అక్షరాలే కదా. వాన పడితే వాన శబ్దం పేజీ మీద పెద్దపెద్ద అక్షరాలతో రాస్తారు. ఇనోవే చాలాచోట్ల ఆ అక్షరాలను తీసేసి, కొజిరో కళ్లనూ, ఎదుటివాడి భుజం కదలికనూ మాత్రమే ఉంచాడు. ఒకడు అరుస్తున్నాడని మనకు నోటి ఆకారం వల్లే తెలుస్తుంది. అతనికి పగ పుట్టించే మాట ఒక్కటీ చేరదు. ఎవరి పేరు ప్రతిష్ఠలూ అతనికి వినపడవు, తనవి కూడా. కత్తి పట్టడం అతనికి ఆట, ఎదుటివాడితో మాట్లాడటం కూడా అదే. అతనితో తలపడినవాళ్లు కొందరు చచ్చిపోయే ముందు ఒక రకమైన సంతోషంతో పోతారు, జీవితంలో మొదటిసారి తమను ఎవరో పూర్తిగా విన్నట్టు.

క్యోటోలో ముసాషి, కొజిరో కలిసే ఘట్టం నవలలో అయితే కవ్వింపు. మాంగాలో బయట మంచు పడి ఉంటుంది. ఇద్దరూ చెట్టుకొమ్మలు తీసుకుని కత్తుల్లా ఆడుకుంటారు, పిల్లల్లా. ఒక్క మాట లేదు. వాళ్లిద్దరూ ఒకర్నొకరు చంపుకోబోయే మనుషులని మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. వాగబాండ్ మొత్తంలో నాకు అన్నిటికంటే దగ్గరైన పేజీలు ఇవే.

మతహాచి సంగతి చూడండి. రెండు కథల్లోనూ అతను కొజిరో పేరు దొంగిలించి ‘నేనే ససాకి కొజిరో’ అంటూ ఊళ్లో బతుకుతాడు. నవలలో అది అతని పతనంలో ఒక మెట్టు. మాంగాలో మాత్రం ఇనోవే కాలాన్ని ముందుకు దూకించి ముసలి మతహాచిని చూపిస్తాడు, వీధిలో జనాన్ని పోగేసి ముసాషి, కొజిరోల కథ చెప్పుకు బతుకుతున్న మతహాచిని. అబద్ధాలకోరు కథకుడయ్యాడు. నితెన్‌కి నుంచి యోషికావా దాకా ముసాషి కథను పెంచి పోషించిన వాళ్లందరి వైపూ ఇనోవే ఒక చిరునవ్వు విసిరినట్టు అనిపిస్తుంది, తనను కూడా కలుపుకుని.

2010 చివర్లో ఆరోగ్యం బాగాలేక ఇనోవే ఆపేశాడు. 2012లో మళ్లీ మొదలుపెట్టాక వచ్చిన పెద్ద భాగంలో పోరాటాలు ఇంచుమించు లేవు, వ్యవసాయం ఉంది. ఇది నవలలోదే. అక్కడ హోతెన్ బయలులో ముసాషి రాత్రిపూట కత్తి నూరుతున్న చప్పుడు వింటాడు. వెళ్లి చూస్తే ఒక పిల్లవాడు. చనిపోయిన తండ్రిని మోసుకెళ్లే బలం లేక, శవాన్ని రెండు ముక్కలు చేసి తీసుకెళదామని నూరుతున్నాడు. అతనే ఇయోరి. ఇద్దరూ కలిసి ఆ బంజరు దున్నుతారు, వరద వచ్చి అంతా ఊడ్చుకుపోతుంది. నీటిని తన దారికి తెచ్చుకోవాలనుకున్నందుకే ఓడానని, దాని దారిని తానే అనుసరించాలని ముసాషి గ్రహిస్తాడు. యోషికావా ఆ పాఠం తీసుకుని కథను ముందుకు నడిపించాడు, రేపటి పత్రిక ఉందిగా. ఇనోవే మాత్రం అక్కడే కూర్చుండిపోయాడు. చలికి గట్టిపడిన మట్టి, ఆకలికి ఒక్కొక్కరే రాలిపోతున్న పల్లె, కత్తి పట్టిన చేతికి నాగలి వంగక పోవడం, ముతక చేతుల రైతు దగ్గర ముసాషి తల వంచడం. చాలామంది పాఠకులు ఇక్కడే విసుక్కున్నారు. వరి నాటు చూసి పెరిగిన మనకు, మొదటి మొలక మట్టిలోంచి తల ఎత్తే పేజీ ఏ కత్తిపోరుకూ తీసిపోదు.

ఇలా వచ్చిన ముసాషి, అలా వచ్చిన కొజిరో, ఇద్దరి కథా ఇప్పుడు కొకురా దగ్గరికి వచ్చింది. ఎదురుగా సముద్రంలో ఆ చిన్న ద్వీపం.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ముసాషి చివరి రోజులను ఇనోవే ఇప్పటికే గీసేశాడు. 2008లో టోక్యో వుఎనోలోని మ్యూజియంలో, తర్వాత కుమామోతో, ఒసాకా, సెందాయిలలో ‘చివరి మాంగా ప్రదర్శన’ అని పెట్టాడు. గోడలంత కాగితాల మీద కుంచెతో వేసిన కథ, చూసేవాడు గదుల్లో నడుస్తూ చదవాలి. అందులో ఉన్నది ముసలి ముసాషి, చావుకు దగ్గరగా. కుమామోతో ప్రదర్శన జరిగిన ఊరికీ, ఆ ముసలాయన నిజంగా కూర్చుని రాసిన గుహకూ పెద్ద దూరం లేదు. అంటే మనిషి అంతిమ ఘడియలు గీశాడు, అతని పేరు నిలబెట్టిన పోరు మాత్రం గీయలేదు. ఆ తర్వాత 2022లో స్లామ్ డంక్ సినిమాను తానే రాసి దర్శకత్వం చేశాడు. వాగబాండ్ మాత్రం 327 దగ్గరే ఉంది.

ఇక నా మిత్రుడి సలహా సంగతి. నవలను జపాన్ భాషలో ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. యోషికావా 1962లో పోయాడు, యాభై ఏళ్ల గడువు తీరి 2013లో అక్కడ హక్కులు జనం సొత్తయ్యాయి, అఒజోరా బుంకో అనే ఉచిత గ్రంథాలయంలో ఉంది. నవలకు ఏడు భాగాలు. మొదటి అయిదింటికీ ముసాషి పుస్తకంలోని పంచభూతాల పేర్లే, ఆరోది నితెన్, ఏడోది ఎన్‌మ్యో. 37వ సంపుటం మూసినవాళ్లు తెరవాల్సింది ఆ ఏడోదాని చివర.

తెరవండి. ముసాషి ఆలస్యంగా వస్తాడు. పడవలో తెడ్డు చెక్కుకుంటాడు. అలల్లోకి దిగి నడిచి వస్తాడు. ఎదురుచూసి ఎదురుచూసి ఉడికిపోయిన కొజిరో అతని మీద అరుస్తాడు, ఒర తీసి నీళ్లలోకి విసురుతాడు. అప్పుడు ముసాషి ఆ మాట అంటాడు, 1776 పుస్తకంలోంచి నడిచొచ్చిన మాట, జపాన్‌లో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చిన మాట. ‘కొజిరో, ఓడిపోయావు.’ దెబ్బ కంటే ముందు ఆ మాటే కొజిరోను గాయపరుస్తుంది. యోషికావా కథ మొత్తం ఆ ఒక్క వాక్యం మీద ఒరిగి ముగుస్తుంది.

ఇనోవే కొజిరోకు ఆ మాట వినపడదు. ఆలస్యానికి కోపం రావాలంటే పరువు గురించి పట్టింపు ఉండాలి, అదీ అతనికి లేదు. ఇసుకలో కూర్చుని కెరటాలను చూస్తూ ఉంటాడు, బహుశా సంతోషంగానే. పడవ కనిపిస్తే లేచి నిలబడతాడు, మంచులో తనతో కొమ్మలాట ఆడిన మనిషి వచ్చాడని.